కరెంటు కారూ, కనబడని దొంగా

ఆ రోజుల్లో హిందూపురంలో కరెంటును నమ్ముకుని ఎవరూ ఏ పనీ మొదలుపెట్టేవారు కాదు. గ్రైండరు కొన్న ఇల్లాలు కూడా పాత రోలును పెరట్లో ఒక మూల అట్టే పెట్టుకునేది. పెళ్ళింట్లో రంగురంగుల బల్బులు కట్టినవాళ్ళే పెట్రోమాక్స్ లైట్లకూ అడ్వాన్సు ఇచ్చి వచ్చేవారు. అలాంటి ఊళ్ళో, అలాంటి కాలంలో, నెల జీతం మీద బతుకుతున్న నేను కరెంటుతో నడిచే కారు కొన్నాను. అదీ ఒకరు వాడి వదిలేసింది. ఇప్పుడు తలుచుకుంటే నా తెలివికి నాకే ముచ్చటేస్తుంది (తెలివి అనే మాట మర్యాద కోసం వాడాను).

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం వచ్చి కొన్నేళ్ళయింది. కారు నడపాలని చచ్చేంత కోరిక. డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాను గానీ క్లచ్ అనే దానితో నాకు జాతకం కుదరలేదు. నేను కాలు తీసినప్పుడల్లా బండి ఒక గెంతు గెంతి ఆగిపోయేది, నేర్పే ఆయన రెండు చేతులూ ఎత్తి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు. అలాంటి సమయంలో మా ఆఫీసులో ఒకాయన, బెంగుళూరులో తమకు తెలిసిన డాక్టరమ్మ చిన్న కరెంటు కారు అమ్ముతోందనీ, దానికి గేర్లూ క్లచ్చూ లేవనీ చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. నాయన బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గానీ చెకింగ్ అయిపోలేదు. పాలవాడు చెంబులో పాలు పోస్తుంటే వేలు ముంచి చూసేవాడు. అరటిపండ్ల హస్తం కొంటే ఇంటికొచ్చాక మళ్ళీ లెక్కపెట్టేవాడు. గోరంట్ల నుంచి చుట్టాలు వస్తే మంచినీళ్ళు ఇవ్వకముందే "ఏ బస్సుకొచ్చినారప్పా? టికెట్టు యాడ?" అని అడిగేవాడు. (పాపం, కొందరు చుట్టాలు టికెట్టు పారేయకుండా జేబులో పెట్టుకుని వచ్చేవారు.) అనుమానించని మనిషిని చూస్తే నాయనకు అనుమానం.

అలాంటి నాయనను వెంటబెట్టుకుని కారు చూడటానికి బెంగుళూరు వెళ్ళాను. డాక్టరమ్మ కాఫీ ఇచ్చింది. నాయన కాఫీ పక్కన పెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"దినామూ ఎంత దూరం తిప్పుతారమ్మా దీన్ని?"

"ఇంటి నుంచి క్లినిక్కు, క్లినిక్కు నుంచి ఇంటికి, అంతే సార్."

"ఆదివారం?"

"ఆదివారం క్లినిక్కు లేదు."

"మరి ఆదివారం యాడికీ పోరా? చుట్టాలు ల్యారా మీకు?"

ఆమె నవ్వేసింది. నాయన నవ్వలేదు. బయటికొచ్చాక నా చెవి దగ్గర "ఇన్ని మాట్లాడింది గదా, ఎందుకు అమ్ముతాందో మాత్రం చెప్పల్యా, చూసినావా? కొనొద్దు" అన్నాడు. నేను చూడలేదు. నేను చూసిందల్లా ఆ కారునే. రెండే తలుపులు, గుండ్రటి ముఖం, వానకు మొలిచిన పుట్టగొడుగులా ముద్దుగా ఉంది. వెనక సీటులో చిన్నపిల్లలో, పెద్ద మనసున్న పెద్దవాళ్ళో మాత్రమే పడతారు. కొనేశాను.

అంత దూరం దానంతటది రాలేదు కాబట్టి హిందూపురం నుంచి చింతపండు వేసుకుని వచ్చి ఖాళీగా తిరిగి పోతున్న లారీలో ఎక్కించి తెచ్చాం. చాలా రోజుల దాకా తలుపు తీస్తే పులుసు వాసన వచ్చేది.

ఊరికి ఆ బండి మీద మొదటిరోజు నుంచే నమ్మకం కలగలేదు. చప్పుడు లేకపోవడమే దాని పెద్ద నేరం. ఆటోస్టాండులో వాళ్ళు "ఇంజనే లేదంట గదమ్మా? మరి ముందర డబ్బాలో ఏముండాది?" అని అడిగి, మూత తీసి చూపించేదాకా వదిలేవారు కాదు. సంతబజారులో ఒక పెద్దాయన వెనక మెల్లగా వెళ్ళి ఆగితే, తిరిగి చూసి ఉలిక్కిపడి "దొంగమాదిరి వస్తావేమ్మా!" అని తిట్టాడు. మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు పైన ఉండేది, మేడమీది అత్త అనేవాళ్ళం. ఆవిడ ప్రతి సాయంత్రం మెట్లు దిగివచ్చి, మీటరు చక్రం తిరగడం కాసేపు చూసి, "నా కరెంటంతా మీ బండి తాగుతాందేమో" అని నిట్టూర్చేది. చివరికి కారుకోసం వేరే మీటరు పెట్టించుకున్నాను. అప్పుడు ఆ మీటరును కూడా చూసి వెళ్ళేది.

ఇక రిపేర్లు. కారు కొనేటప్పుడు "పెట్రోలు ఖర్చు లేదు" అని ఎగిరి గంతేసిన నాకు, పెట్రోలు బంకువాడు ఎంత మంచివాడో నెమ్మదిగా తెలిసొచ్చింది. వాడు పోసిందానికే తీసుకుంటాడు. సీటు కింద వరుసగా బ్యాటరీలు ఉండేవి, వాటికి డిస్టిల్డ్ వాటరు పోస్తూ ఉండాలి. కాస్త అశ్రద్ధ చేస్తే పైన మైలుతుత్తంలాంటి పచ్చటి పొక్కు కట్టి బండి మొరాయించేది. ఎలుకలకు దాని వైర్లంటే పరమ ప్రీతి. ఏసీ వేస్తే చార్జి ముల్లు కళ్ళముందే కిందికి జారేది, అందుకని ఎండాకాలం మధ్యాహ్నం కూడా విసనకర్ర పెట్టుకుని తిరిగేదాన్ని. చార్జరు ఒకసారి కాలిపోయింది. దానికోసం బెంగుళూరు నుంచి మెకానిక్కు రావాలి. అతని బస్సు చార్జీ, భోజనం, ఆ పైన కూలి, ఆ పైన సామాను. అతను సంచిలోంచి స్క్రూడ్రైవరు తీస్తే చాలు, నా పర్సు దానంతటదే తెరుచుకునేది. వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. "బ్యాటరీలు ముసలివైనాయి మేడమ్. సెట్టంతా ఒకసారి మార్చేయాల." ఆ సెట్టు ఖరీదు నా నాలుగైదు నెలల జీతం.

ఊళ్ళో ఈ బండి మీద చెయ్యి వేసే ధైర్యం ఒకే ఒకాయనకు ఉండేది. పెనుకొండ రోడ్డులో బ్యాటరీల అంగడి పెట్టుకున్న ఆయన్ని అందరూ బ్యాటరీ మామ అనేవారు. లారీల బ్యాటరీలు తప్ప మరొకటి చూసి ఎరగడు గానీ తెలియదనే మాట ఆయన నోట వచ్చేది కాదు. మొదటిసారి సీటు ఎత్తి చూసి, గడ్డం నిమురుకుని, "ఇవి బెంగుళూరు నీళ్ళకు అలవాటు పడిన బ్యాటరీలు తల్లీ. మన ఊరి నీళ్ళు సరిపడ్డంల్యా," అన్నాడు. డిస్టిల్డ్ వాటరుకు ఊరేమిటి మామా అని అడగబోయి ఊరుకున్నాను.

అసలు కథ అప్పుడే మొదలైంది. సాయంత్రం ప్లగ్గు పెట్టి, నిండుగా చార్జి ఎక్కాక తీసేసి పడుకునేదాన్ని. తెల్లారి ఆఫీసుకు బయల్దేరి తాళం తిప్పితే ముల్లు నిండుగా ఉండేది కాదు. ఒకరోజు కొంచెం తక్కువ, ఒకరోజు బాగా తక్కువ. రాత్రికి రాత్రి చార్జి ఎక్కడికి పోతోంది? నాకు అనుమానం పట్టుకుంది. ముందు మేడమీది అత్త మీద పడింది. మా కారులోంచి వైరు లాగి ఆవిడ ఫ్యాను తిప్పుకుంటోందేమోనని మెట్ల కింద అంతా వెతికాను. తర్వాత బెంగుళూరు మెకానిక్కు మంచి బ్యాటరీలు తీసి పాతవి పెట్టాడనుకున్నాను. తర్వాత బ్యాటరీ మామ. ఆయన తెలిసిన దానికంటే ఎక్కువ మాట్లాడుతున్నాడని ముందునుంచీ నాకు లోపల ఉండనే ఉంది.

చిత్రం ఏమిటంటే, ఈ విషయంలో నాయన మాత్రం ఎవరినీ అనుమానించలేదు.

"కరెంటన్నాక రొంత ఆవిరైపోతాది పాపా," అన్నాడు, పొద్దున వాకింగు నుంచి వచ్చి పట్టుకున్న పేపరులోంచి తల ఎత్తకుండా.

"మెకానిక్కే మార్చేశాడేమో నాయనా?"

"ఛఛ. మంచోడు. మన ఇంట్లో అన్నం తిన్నోడు."

"పోనీ బ్యాటరీ మామ?"

"ఆయప్ప శుక్రవారం నమాజు తప్పనోడు. అట్లా మాట అనగూడదు."

కన్నతల్లి తెచ్చిన చిల్లర కూడా లెక్కపెట్టుకున్న మనిషి ఊళ్ళో అందరికీ మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇస్తుంటే నేను అప్పుడే పసిగట్టాల్సింది. వయసు మీదపడి మెత్తబడ్డాడనుకుని మురిసిపోయాను. అమ్మ అయితే అసలు నోరే విప్పేది కాదు. ఈ మాటలు వచ్చినప్పుడల్లా ఆవిడకు వంటింట్లో ఏదో మాడిపోతుండేది.

ఒకరోజు ఉండబట్టలేక బ్యాటరీ మామ అంగడికి వెళ్ళి అడిగేశాను. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "నేను బ్యాటరీలు అమ్ముకునేటోన్ని తల్లీ, కరెంటు తాగేటోన్ని కాదు," అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినబడింది. ముఖం చెల్లక ఇంటికొచ్చి, ఈ కారు నాకొద్దు, అమ్మేస్తానని ప్రకటించాను.

నాయన ముఖం వాడిపోయింది. "అమ్మేది ఎందుకు పాపా? రొంత ఓర్చుకో."

"కొనొద్దని నువ్వే కదా అన్నావు?"

"అప్పుడన్న్యా. ఇప్పుడు అంటాండానా?"

ఆఫీసు వాళ్ళ ద్వారా ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దొరికాడు. మగ్గాలుండే సందుల్లో తిరగడానికి చిన్న బండి కావాలట. చూసి, నచ్చితే ఆ రోజే తీసుకుంటానన్నాడు. నేనే నడిపించుకుపోయి చూపించాలి. మా ముసలి బ్యాటరీలకు హిందూపురం నుంచి పెనుకొండ దాకానే ఊపిరి. అక్కడ పెద్దమ్మ ఇంట్లో చార్జి పెట్టుకుని, సాయంత్రానికి ధర్మవరం చేరి, బండి అప్పగించి రైలుకో బస్సుకో తిరిగి రావాలన్నది నా పథకం. నాయన వస్తానన్నాడు. అమ్మ కూడా, అక్కను చూసి చానాళ్ళయిందంటూ వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది.

సోమందేపల్లి దాటి హైవే ఎక్కాక లారీలు మమ్మల్ని దాటిపోతుంటే బండి గాలికి ఊగింది. పెనుకొండ కొండ కనబడేసరికి ముల్లు అడుక్కి ఆనుకుంది. దిగితే బరువు తగ్గుతుందేమోనని అమ్మ అడిగింది. ఎలాగో పెద్దమ్మ ఇంటిముందు ఆగాం. కిటికీలోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాం. ఎదురింటి అరుగు మీద ఒక మీసాల పెద్దాయన కూర్చుని ఇదంతా కన్నార్పకుండా చూస్తున్నాడు. "ఎంత పడిందమ్మా?" అని అడిగాడు. "రాత్రిపూట బయటే పెడతారా?" అని కూడా అడిగాడు. నాకు ఆ రెండో ప్రశ్న నచ్చలేదు.

పెద్దమ్మ రాగిసంగటి, పప్పు పెట్టింది. అది తిన్నవాళ్ళు మెలకువగా ఉండటం కష్టం. చాపమీద నడుం వాల్చిందాన్ని అలాగే నిద్రపోయాను. లేచి బయటికొస్తే వీధిలో వైరు ఉంది, కారు లేదు.

"పెద్దమ్మా! కారు!" అని అరిచాను. అమ్మ లేదు, నాయన లేడు. దొంగను తరుముతూ పోయుంటారనుకున్నాను. ఎదురింటి పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు, కూర్చున్న భంగిమ కూడా మారలేదు. నేరుగా ఆయన మీదికి వెళ్ళాను.

"మా కారు ఎవరు తీసుకుపోయారు? మీరు చూస్తూనే ఉన్నారు కదా?"

"మీ నాయనే ఏసుకోని పాయగదమ్మా."

"మా నాయనకు డ్రైవింగ్ రాదు!"

"రాదా?" ఆయన మీసం మెలివేశాడు. "ఈ సందులో రివర్సు తీసినాడు సూడూ! నా కొడుకు గూడా అట్ల తీయలేడు."

ఆయన అబద్ధమాడుతున్నాడని నాకు ఖాయంగా తెలిసిపోయింది. పోలీసు స్టేషను ఎటువైపని పెద్దమ్మను అడుగుతున్నాను. అంతలో నా వెనక హారన్ మోగింది. ఉలిక్కిపడి తిరిగాను. చప్పుడు లేకుండా వచ్చి ఆగిన మా కారులో స్టీరింగు ముందు నాయన, పక్కన అమ్మ. అమ్మ ఒళ్ళో కొబ్బరికాయ చిప్పలు, తలలో కొత్తగా కొన్న మల్లెపూలు. నాయన నన్ను చూసి, టికెట్టు లేకుండా దొరికిపోయిన ప్రయాణికుడిలా చూపు దించుకున్నాడు.

నేను వెళ్ళి కారు తలుపు పట్టుకుని అడిగాను. "దినామూ నువ్వేనా?"

"తెల్లవారుజామున," అన్నాడు నాయన. "వాకింగు అని పోతాంటి గదా, అది ఇదే."

అరుగు మీద కూలబడి వివరం చెప్పాడు. "నా సర్వీసంతా బస్సుల్లోనే పాయ పాపా. డ్రైవర్లు ఒకటే మాట అనేటోళ్ళు, సారూ, టికెట్టు చూసేది సులభం, స్టీరింగు పట్టుకోని చూడు తెలుస్తాది అని. ఒగ తూరి రోషమొచ్చి డిపోలో పట్టుకున్యా. పోయి గేటుగోడకు కొట్టిస్తి. ఆ పొద్దు నుంచి నా ఎనకమాల గోడ ఇన్‌స్పెక్టరు అనేటోళ్ళు. రిటైరయ్యే దినం గూడా ఎవుడో అన్న్యాడు. ఈ బండికి గేర్లు లేవు, చప్పుడు లేదు. నేను నేర్చుకుంటాండేది ఊరికి వినపడదు."

"నాకు చెప్తే నేర్పేదాన్ని కదా?"

"నువ్వు క్లచ్చుతో పడిన తిప్పలు చూసినా గదా. నీ తావ నేర్చుకుంటే నా గతేంగాను?"

అమ్మ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"పూజకు పూలు తెస్తానని పోయి వీధి చివర ఎక్కి కూచుంటాంటి," అంది అమ్మ, పూలు సర్దుకుంటూ. "బస్సులో ఎప్పుడన్నా మీ నాయన పక్కన కూచున్యానా? పెండ్లయిన కొత్తలో బుక్కపట్నం పోతాంటే నా టికెట్టు గూడా అడిగి చూసినాడు. ఈ పొద్దు బండి అమ్మేస్తాండారంటే, కడాకు ఒగతూరి గుడికి పోదాం అన్న్యా. అంతే."

నాకు కోపం రావాలి. లైసెన్సు లేకుండా, నన్ను వెర్రిదాన్ని చేసి, ఒక మంచి మనిషి మీద నేను నింద వేసేదాకా తీసుకొచ్చారు. కోపం వచ్చింది కూడా. కానీ అమ్మ తలలోని ఆ పూలు చూస్తూ అరవడానికి నోరు రాలేదు. పైగా వాళ్ళ తిరుగుడుతో ఎక్కిన చార్జి సగం కరిగిపోయింది. ఆ రోజుకు ధర్మవరం లేదు. షావుకారుకు ఫోను చేసి రేపు వస్తామంటే, "ఎవురన్నా ఎక్కువకు అడిగినారా ఏంది?" అని ఆయన అనుమానపడ్డాడు.

మర్నాడు ధర్మవరం చేరాం. షావుకారు బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, సీటు మీద కూర్చుని లేచాడు. తర్వాత నన్ను వదిలేసి నాయనను పట్టుకున్నాడు. "పెద్దమనిషివి. అబద్ధం చెప్పగాకు. దీంట్లో ఏమన్నా లోపముండాదా?"

నాయన గొంతు సవరించుకున్నాడు. నిలువునా నిటారుగా నిలబడ్డాడు, డిపో మేనేజరు ముందు రిపోర్టు చదివేటప్పుడు నిలబడే తీరు అది. "ఉండాయి," అని మొదలుపెట్టాడు. బ్యాటరీలు ముసలివనీ, సెట్టంతా మార్చాలంటే ఎంతవుతుందో, అది ఏ ఏడు మార్చాల్సి రావచ్చో చెప్పాడు. చార్జరు ఒకసారి కాలిన సంగతి, మళ్ళీ కాలితే అయ్యే ఖర్చు చెప్పాడు. బెంగుళూరు మెకానిక్కు కూలితో పాటు వాడు ఎన్ని ముద్దలు తింటాడో కూడా చెప్పాడు. ఎలుకల మాట, నీళ్ళ మాట, ఏసీ మాట, వానలో బ్రేకు పట్టేటప్పుడు వచ్చే కీచుచప్పుడు మాట, ఎక్కుడుదారిలో అమ్మ దిగబోయిన మాట, ఏదీ వదల్లేదు. నేను వెనక నుంచి చొక్కా లాగినా ఆగలేదు. అన్నీ నిజాలే. ఒక్కటి కూడా కల్పించి చెప్పలేదు. అదే నాకు మరీ మంటగా ఉంది.

షావుకారు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "ఏమమ్మా, చెప్పిందే ఇంత ఉంటే, ఆయప్ప చెప్పకుండా దాసిపెట్టింది ఇంకెంత ఉంటాదో! నాకొద్దు."

అలా బేరం చెడింది. తిరిగి రావాలంటే చార్జి కావాలి. షావుకారు మంచివాడే, మగ్గాల షెడ్డులో ప్లగ్గు ఇచ్చాడు. బండి చార్జి ఎక్కేదాకా మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదని తన అంగట్లో పరుపు మీద కూర్చోబెట్టి చీరలు పరిచాడు. అమ్మ చిలకపచ్చ చీర ఒకటి ముట్టుకుని చూసింది, మళ్ళీ ముట్టుకుంది. నాయన అంచు తిప్పి, జరీ గీకి, మడతలో పోగు ఏదన్నా తెగిందేమోనని వెలుతురుకు పట్టి చూసి, చివరికి తన పెన్షనులోంచి కొనిచ్చాడు. కారు అమ్మడానికి వెళ్ళి పట్టుచీర కొనుక్కుని వచ్చిన కుటుంబం ఆ జిల్లాలో మాదొక్కటే అయ్యుంటుంది.

హిందూపురం రాగానే బ్యాటరీ మామ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. నాయనే జరిగిందంతా చెప్పాడు. మామ విని, కడుపుబ్బ నవ్వి, టీలు చెప్పి, "నేను ముందే అనుకున్న్యా సారూ," అన్నాడు. (ఆయన ఏమీ అనుకోలేదు. కానీ ఈసారి నేను నోరు మూసుకున్నాను.)

నాయన తర్వాత లైసెన్సు తీసుకున్నాడు. తీసుకున్న మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బస్సు డిపోకు నడిపాడు. గేటు దగ్గర పాత డ్రైవర్లు కొందరు బెంచీ మీద కూర్చుని కబుర్లలో ఉన్నారు. నాయన గోడకు జానెడు దూరంలో, అంగుళం తేడా లేకుండా బండి ఆపాడు. చప్పుడు లేని బండి కదా, ఎవరూ తల తిప్పలేదు. కాసేపు చూశాడు. హారన్ కొట్టాడు. అప్పుడు తిరిగారు. ఒకాయన లేచి నిలబడి, గోడనూ బండినీ మార్చిమార్చి చూసి, చెయ్యెత్తి సలాం కొట్టాడు. నాయన ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. బ్యాటరీలు ఆ మరుసటేడు నిజంగానే చచ్చిపోయాయి, ఆ ఖర్చు రానే వచ్చింది. దాని బాధ ఇప్పుడు గుర్తులేదు. ఆ సలాం గుర్తుంది.

ఇప్పుడు నాయన లేడు. ఆ రోడ్ల మీద కరెంటు కార్లు చప్పుడు చేయకుండా పోతుంటే ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. నా దగ్గరా ఒకటుంది, ఒక్క చార్జికి బెంగుళూరు పోయి వస్తుంది. మొన్న పెనుకొండ దగ్గర హైవే మీద చార్జింగు కోసం ఆగితే, పక్కన పెద్ద కారులో వచ్చిన ఒకాయన నా నెరిసిన జుట్టు చూసి జాలిపడ్డాడు. "కొత్తగా కొన్నారా మేడమ్? భయపడొద్దు, కరెంటు బండ్లు చాలా సులభం," అని ప్లగ్గు ఎలా పెట్టాలో, బ్యాటరీని ఎలా చూసుకోవాలో ఓపిగ్గా నేర్పాడు. నేను "అవునా సార్, అవునా" అంటూ బుద్ధిగా విన్నాను. ఆయన టీ తాగడానికి వెళ్ళగానే, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, నా బండికి చార్జి ఎక్కుతోందో లేదో చూసుకున్నాను. ఎక్కుతోంది. ఆయన బండి దగ్గరికి కూడా వెళ్ళి చూశాను. అదీ ఎక్కుతోంది. అయినా ఎందుకో పూర్తిగా నమ్మకం కుదరలేదు. కారు అద్దంలో కళ్ళు చిట్లించి నిలబడ్డ ఆ ఇన్‌స్పెక్టరమ్మను చూసి, నాకే నవ్వొచ్చి, పోయి నా సీట్లో కూర్చున్నాను.